ఒక ఉస్తాద్ పక్కన ఎంతమంది?

ఫ్యాక్టరీలు అప్రెంటిస్‌లను ఎంతమందిని తీసుకోవాలో చెప్పే మన లెక్క తప్పు చోట మొదలవుతోందని నా అభిప్రాయం. చాలా ఏళ్లుగా హైదరాబాదు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. అంతకుముందు నేనూ ఐటీఐ చదివి అప్రెంటిస్‌గా చేరినవాణ్నే. ఏటా కొత్త పిల్లలు వస్తారు, ఏడాది తిరిగేసరికి వెళ్లిపోతారు. వాళ్లలో పని నేర్చుకుని వెళ్లేది ఎవరు, కాగితం మాత్రమే పట్టుకుని వెళ్లేది ఎవరు అన్నది దగ్గరి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ తేడా పిల్లవాడి తెలివిని బట్టి వస్తుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో, వాడి పక్కన నిలబడ్డ మనిషిని బట్టి వస్తుంది. ఆ మనిషి అసలు ఉన్నాడా, ఉంటే వీడితో పాటు ఇంకెంతమందిని చూసుకుంటున్నాడు అన్నదే ముఖ్యం.

చట్టం ఏమంటోందో ముందు చెప్తాను. అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. దాని కింద రాసిన పాత నియమాల్లో ఒక్కో ట్రేడుకు ఒక్కో నిష్పత్తి ఉండేది. ఫిట్టర్లు ఇంతమంది ఉంటే ఒక ఫిట్టర్ అప్రెంటిస్, టర్నర్లు ఇంతమంది ఉంటే ఒక టర్నర్ అప్రెంటిస్ అని పట్టిక వేసి చెప్పేవాళ్లు. అన్‌స్కిల్డ్ కూలీలను ఆ లెక్కలో కలిపేవాళ్లు కాదు. 2014లో చట్టాన్ని సవరించారు. ఆ తర్వాత వచ్చిన నియమాలతో ట్రేడు వారీ పట్టిక పోయి, మొత్తం సిబ్బందిలో శాతం వచ్చింది. కాంట్రాక్టు వాళ్లతో సహా అందరినీ కలిపి, అందులో 2.5 శాతం నుంచి 10 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్నారు. 2019 సెప్టెంబరులో పై హద్దును 15 శాతానికి పెంచారు. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోట ఇది తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న చోట యజమాని ఇష్టం.

ఎందుకు మార్చారో నాకు అర్థమవుతుంది. పాత పద్ధతిలో ఒక్కో ట్రేడుకు ఒక్కో లెక్క, సీట్లు ఎన్నో అధికారులు వచ్చి తేల్చడం, తప్పితే జైలు శిక్ష దాకా వెళ్లే సెక్షన్లు. చిన్న, మధ్య తరహా యజమానులకు ఆ పేరు చెబితేనే టెన్షన్. ఒకే శాతం పెడితే ఎవరైనా రెండు నిమిషాల్లో లెక్క వేసుకోవచ్చు. సులువు చేయడం వరకు మంచి పనే. కానీ ఆ సులువు కోసం లెక్కలోంచి ఉస్తాద్‌ను, అంటే పని నేర్పే మనిషిని, తీసేశారు.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. 400 మంది ఉన్న ఫ్యాక్టరీ. అందులో ప్యాకింగ్ వాళ్లు, లోడింగ్ వాళ్లు, సెక్యూరిటీ, స్టోర్సు, అకౌంట్సు, క్యాంటీన్ అందరూ ఉన్నారు. ఎలక్ట్రీషియన్లు ఆరుగురు. మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు ఇద్దరు, ఒకరు సెలవు పెడితే ఒక్కడే. నియమం ప్రకారం ఈ ఫ్యాక్టరీ 60 మంది దాకా అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు. వాళ్లలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలు ఎంతమంది ఉండొచ్చో ఆ శాతం చెప్పదు. ఇరవై మందిని తీసుకున్నా శాతం తప్పదు. మరి నైట్ షిఫ్టులో ఉన్న ఆ ఒక్క ఎలక్ట్రీషియన్ ఎంతమందికి నేర్పాలి? గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషిని లెక్కలో కలిపినంత మాత్రాన ఆయన వచ్చి ప్యానెల్ వైరింగ్ నేర్పడు కదా.

బడుల విషయంలో మనం ఇలా చేయలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక పాఠశాలలో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంది. అక్కడ పిల్లల సంఖ్యను పోల్చేది టీచర్ల సంఖ్యతో. ఆయానూ, వాచ్‌మన్‌నూ, ఆఫీసు గుమస్తానూ కలిపి శాతం తీయమని ఎవరూ అనలేదు. పలక మీద అక్షరాలు దిద్దించడానికి పట్టించుకున్న విషయాన్ని, 415 వోల్టుల ప్యానెల్ ముందు పిల్లవాణ్ని నిలబెట్టేటప్పుడు ఎందుకు వదిలేశాం?

చట్టంలో ఆ ఊసే లేదని నేను అనను. 11వ సెక్షన్ యజమాని బాధ్యతలను చెబుతుంది. అప్రెంటిస్‌కు తన ట్రేడులో శిక్షణ ఇవ్వాలి. యజమానికి స్వయంగా ఆ అర్హత లేకపోతే, అర్హత ఉన్న మనిషిని శిక్షణకు బాధ్యుడిగా పెట్టాలి. తగినంత మంది బోధనా సిబ్బంది ఉండాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ ‘తగినంత’ దగ్గరే నా గొడవ. పిల్లలు ఎంతమంది ఉండాలో దశాంశాలతో సహా చెప్పిన నియమాలు, ఆ శాతం పక్కనే నేర్పేవాళ్లు ఎంతమంది ఉండాలో ఎందుకు చెప్పవు? అంకె ఉన్నదాన్ని అధికారి అడుగుతాడు, హెచ్ఆర్ విభాగం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నింపుతుంది. అంకె లేనిదాన్ని ఎవరూ అడగరు.

పక్కన మనిషి ఎందుకు ఉండాలో షాపు ఫ్లోర్ మీద నిలబడని వాళ్లకు వివరంగా చెప్పాలి. లేత్ మెషిన్ మీద కొత్త పిల్లవాడు చేసే మొదటి ప్రమాదకరమైన పని, చక్‌లో, అంటే తిరిగే పట్టులో, జాబ్‌ను (కోయాల్సిన ముక్కను) బిగించి, బిగించిన కీని అక్కడే వదిలేయడం. మెషిన్ స్టార్ట్ చేస్తే ఆ కీ ఎగిరి ఎవరికో ఒకరికి తగలొచ్చు. వదలకూడదని ఐటీఐ పుస్తకంలో ఉంటుంది, గోడ మీద బోర్డూ ఉంటుంది. అయినా చేతికి అలవాటు కావాలంటే, మొదటి వారాల్లో కీ మీద చేయి ఉండగానే ఆఫ్ స్విచ్ దగ్గర ఇంకొకరి చేయి ఉండాలి. వదిలిన ప్రతిసారీ ‘తీయ్’ అనాలి. పాతిక సార్లు అనాలి. అప్పుడు గానీ ఆ చేయి తనంతట తాను కీని తీసి పక్కన పెట్టదు. తిరిగే జాబ్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదన్నదీ అంతే. చేతికి రక్షణ అనుకుని వేసుకున్న గ్లవ్సే చేతిని లోపలికి లాగేస్తుంది. ఇది ఒకసారి చెబితే గుర్తుంటుందని అనుకోవడానికి లేదు.

టూల్ శబ్దం మారడం ఇంకో సంగతి. కోత సరిగ్గా సాగుతున్నప్పుడు ఒక చప్పుడు, టూల్ మొద్దుబారినప్పుడు ఇంకో చప్పుడు, జాబ్ వణుకుతున్నప్పుడు మరొకటి. ఆ చప్పుడు వినబడుతున్న క్షణంలో పక్కనున్నవాడు ‘విన్నావా?’ అని అడిగితేనే చెవికి ఎక్కుతుంది. సాయంత్రం క్లాస్‌రూములో చెబితే ఏమీ ఎక్కదు.

ఎలక్ట్రికల్ పనిలో అయితే తప్పు సరిదిద్దుకునే అవకాశమే ఉండకపోవచ్చు. సప్లయ్ ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టాక కూడా మీటర్ పెట్టి చూడాలి. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి మీటర్ పనిచేస్తోందని తేల్చుకోవాలి, తర్వాత పని చేయాల్సిన చోట చూడాలి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. మూడు నాలుగు నెలలు రోజూ ఎవరో ఒకరు పక్కనుండి చేయిస్తేనే ఇది అలవాటవుతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లు ‘ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపారన్న అనుమతి) తీసుకున్నావా’ అని ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు. అడిగే మనిషి లేని చోట ఆ ప్రశ్న కూడా ఉండదు. ఇళ్లలో, భవనాల్లో వైరింగ్ పని చేయించాలంటే లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు ఉండాలన్న నిబంధనలు మనకు ఇప్పటికే ఉన్నాయి. అంటే కరెంటు పనికి పర్యవేక్షణ కావాలని ప్రభుత్వానికీ తెలుసు.

మా చెల్లెలి కొడుకు ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ పాసై నగర శివారులో ఒక పెద్ద కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాడు. పేరున్న కంపెనీ కదా అని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. బ్యాచ్‌లో వాడితో పాటు చాలామంది ఉన్నారు. మొదట్లో ఏదో సెక్షన్‌కు పంపారు, తర్వాత లైన్‌లో మనుషులు తక్కువగా ఉన్నారని ప్యాకింగ్‌కు మార్చారు, అక్కడే ఉంచేశారు. శిక్షణ రికార్డులో మాత్రం మోటార్ వైండింగ్, స్టార్టర్ కనెక్షన్, ప్యానెల్ మెయింటెనెన్స్ అన్నీ చేసినట్టు నెల నెలా సంతకాలు పడ్డాయి. పండక్కి వచ్చినప్పుడు ఏం నేర్చుకున్నావురా అని అడిగాను. “ప్యానెల్ తలుపు గూడ తెరవనియ్యలే మామా. సార్‌ను అడిగితే, నాకే టైమ్ లేదు, నీకేం చూపియ్యాలె అన్నడు” అన్నాడు. ఆ సార్ మీద నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. అన్ని మెషిన్లు, అంతమంది పిల్లలు, ఆయన ఒక్కడు. నా కోపమంతా, ఆ ఒక్క మనిషి కింద అంతమందిని చేర్చుకోవడం పూర్తిగా చట్టబద్ధం కావడం మీద.

ఇక్కడ డబ్బు లెక్క కూడా చూడాలి. 2019 నియమాలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీస స్టయిపెండ్ 7,000 రూపాయలుగా పెట్టాయి. దాన్ని పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసింది. 5,000 నుంచి 9,000 మధ్య ఉన్న కనీస స్టయిపెండ్‌లను 6,800 నుంచి 12,300 మధ్యకు తేవాలన్నది ఆ సిఫారసు. 7,000 రూపాయలతో హైదరాబాదులో ఎలా బతకాలో ఆలోచించండి. జీడిమెట్ల, బాలానగర్ చుట్టుపక్కల షేరింగ్ హాస్టల్‌కే దాదాపు అంతా అయిపోతుంది. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాడు, కాబట్టి ఈ చట్టం ప్రత్యేకంగా చెప్పినవి తప్ప కార్మిక చట్టాలు వర్తించవు. శిక్షణ ఇస్తున్నంత వరకు ఆ వాదనలో న్యాయం ఉంది. నేర్పుతున్నాం కాబట్టి తక్కువ ఇస్తున్నాం అని చెప్పుకోవచ్చు. నేర్పకుండా ప్యాకింగ్ చేయించుకుంటే, ఆ పిల్లవాడు తక్కువ జీతానికి దొరికిన కూలీ. తేడా ఏమీ లేదు. తలల మీద శాతం లెక్క ఈ దారిని తెరిచి పెట్టింది. ఉస్తాద్‌ల సంఖ్యతో ముడిపెడితే ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది.

ఇక అసలు తీసుకోని కంపెనీల సంగతి. 2014 సవరణ జైలు శిక్షను తీసేసి జరిమానా పెట్టింది. తక్కువైన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తర్వాత నెలకు 1,000. ఒక పిల్లవాడికి 7,000 ఇవ్వడం కంటే 1,000 కట్టేసి ఊరుకోవడం చవక అని లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. కింది హద్దు బలహీనంగా ఉంది, పై హద్దు వదులుగా ఉంది. నేర్పే ఉద్దేశం ఉన్న యజమానికి ఇందులో దొరికే సాయం తక్కువ.

ఆ సాయం ఎవరికి అందాలన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. 2016లో కేంద్రం జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం పెట్టింది. స్టయిపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. మంచిదే. కానీ నేర్పే ఉస్తాద్ సమయానికి ఎవరు చెల్లిస్తున్నారు? ఫ్లోర్ మీద మా మనుషులకు టార్గెట్ ఉంటుంది, కొన్ని చోట్ల దాని మీద ఇన్సెంటివ్ ఉంటుంది. ఒక టర్నర్ షిఫ్టులో చేయాల్సిన జాబ్‌లు ఇన్ని అని రాసి ఉంటాయి. పిల్లవాడి చేత చేయిస్తే పని సగం వేగంతో సాగుతుంది, ఒకటో రెండో జాబ్‌లు రిజెక్ట్ అవుతాయి. ఆ నష్టం ఉస్తాద్ లెక్కలోకే పోతుంది. ఇంట్లో ఫీజులు కట్టాల్సిన మనిషి ఏం చేస్తాడు? పిల్లవాణ్ని ‘దూరంగా నిలబడి చూడు’ అంటాడు, లేదా టీ తెమ్మని పంపుతాడు. మంచి మనసున్న ఉస్తాద్‌లు నష్టపోతూ కూడా నేర్పారు. నాకు నేర్పినాయన అలాంటివారే. కానీ దేశమంతా నడవాల్సిన శిక్షణను ఒకరి మంచితనం మీద వదిలేయడం న్యాయం కాదు. నేర్పే రోజుల్లో ఆయన టార్గెట్ తగ్గించాలి, నేర్పినందుకు నెలకు ఇంత అని అలవెన్స్ ఇవ్వాలి. నిష్పత్తి రాసేటప్పుడే ఈ మాట కూడా రాయాలి. లేకపోతే ఒకరికి ఒకరు అని రాసినా పిల్లవాడు దూరం నుంచే చూస్తాడు.

నిష్పత్తి బిగిస్తే పిల్లలకే సీట్లు తగ్గుతాయన్న వాదనను తేలిగ్గా తీసేయలేం. కెనడాలోని ఒంటారియోలో ఈ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ కొన్ని ట్రేడుల్లో ఒక అప్రెంటిస్‌ను అదనంగా తీసుకోవాలంటే సర్టిఫికెట్ ఉన్న పనివాళ్లు ముగ్గురు ఉండాల్సి వచ్చేది. చిన్న కాంట్రాక్టర్లు మేము ఎవరినీ చేర్చుకోలేకపోతున్నామన్నారు. యూనియన్లు భద్రత పోతుందన్నాయి. చివరికి 2018లో అక్కడి ప్రభుత్వం నిష్పత్తి ఉన్న ట్రేడులన్నిటికీ ఒకరికి ఒకరు అని మార్చింది. చిన్న కాంట్రాక్టర్ల బాధ నిజమేనని నాకనిపిస్తుంది. ఒక అప్రెంటిస్‌కు ముగ్గురు అంటే నేర్చుకోవాలనుకునే పిల్లవాడి ముందు తలుపు వేసినట్టే. గమనించాల్సింది ఏమిటంటే, అంత గొడవ తర్వాత కూడా అప్రెంటిస్‌ల సంఖ్యను మొత్తం సిబ్బందితో పోల్చేలా మార్చలేదు. సడలించాక కూడా ఒక అప్రెంటిస్ పక్కన ఒక నేర్చిన మనిషి మిగిలాడు. అమెరికా ఫెడరల్ నియమాలు కూడా అప్రెంటిస్‌ల నిష్పత్తిని నేర్చిన పనివాళ్లతోనే పోల్చమంటాయి. సరైన పర్యవేక్షణకూ భద్రతకూ తగినట్టు ఉండాలని, అది ఏ సైటుకు, ఏ విభాగానికి వర్తిస్తుందో స్పష్టంగా రాయాలని అడుగుతాయి.

మన నగరానికి ఇది కొత్త సంగతేమీ కాదు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్, తర్వాత హెచ్‌ఎంటీ, బీహెచ్ఈఎల్, 1967లో ఈసీఐఎల్ ఇక్కడికి వచ్చాయి. బాలానగర్‌లో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. ఆ ఫ్యాక్టరీల టూల్ రూముల్లో పని నేర్చినవాళ్లు ఎంతోమంది బయటికి వచ్చి బాలానగర్, కుషాయిగూడ, చర్లపల్లి గల్లీల్లో సొంత షెడ్లు పెట్టుకున్నారు. ఈరోజుకీ ఆ గల్లీల్లోకి వెళితే రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, ఒక ఉస్తాద్, ఇద్దరు కుర్రాళ్లు కనిపిస్తారు. కవాడిగూడ వెల్డింగ్ షాపుల్లోనూ, పాతబస్తీ మెకానిక్ షెడ్లలోనూ అంతే. ఉస్తాద్‌కు చూపు ఆనేంత దూరంలోనే షాగిర్ద్ (శిష్యుడు) ఉంటాడు. ఈ షెడ్లను నేను గొప్ప చేసి చెప్పడం లేదు. చిన్నపిల్లలను పనిలో పెట్టుకోవడం, కళ్లద్దాలు లేకుండా వెల్డింగ్ చేయించడం, ఏళ్లు గడిచినా ఒక్క కాగితం చేతికి రాకపోవడం అక్కడ చూస్తూనే ఉన్నాం. కానీ పని మాత్రం వస్తుంది, ఎందుకంటే నేర్పేవాడు పక్కనే ఉన్నాడు. ఆ కుర్రాళ్లకు సర్టిఫికెట్ లేదు, మా మేనల్లుడి లాంటి వాళ్లకు పని రాదు. ఈ రెండూ ఒకే పిల్లవాడికి దొరికేలా చూడటం నియమాలు రాసేవాళ్ల బాధ్యత.

రాష్ట్రంలో ఐటీఐల మీద డబ్బు ఖర్చవుతోంది. 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాదులోని మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. కొత్త మెషిన్ల మీద చదివి వచ్చే పిల్లవాడు ఆ తర్వాతి ఏడాది ఎక్కడ గడుపుతాడు? ఫ్యాక్టరీలో. అక్కడ వాణ్ని ప్యాకింగ్‌లో నిలబెడితే ఐటీఐలో పెట్టిన ఖర్చంతా వృథా.

నేను కోరేది ఇది. 2.5 నుంచి 15 శాతం అన్న పట్టీని అలాగే ఉంచండి, దాని కింద ఇంకో గీత గీయండి. ఏ ట్రేడులో అయినా ఒక షిఫ్టులో ఉండే అప్రెంటిస్‌లు, ఆ షిఫ్టులో ఆ ట్రేడు నేర్చిన మనుషులకు రెట్టింపు మించకూడదు. ప్రాణాపాయం ఉన్న పనుల్లో, అంటే ఎలక్ట్రికల్, లిఫ్టులు, ఎత్తులో వెల్డింగ్, కెమికల్ రియాక్టర్ల దగ్గర పనులు, ఒకరికి ఒకరే. పోర్టల్‌లో అప్రెంటిస్ కాంట్రాక్టు రిజిస్టర్ చేసేటప్పుడు ఉస్తాద్ పేరు కూడా రాయాలి. ఒకే పేరు పదిమంది కాంట్రాక్టుల్లో కనిపిస్తే పోర్టలే ఆపేయాలి, దానికి ఇన్‌స్పెక్టర్ రావాల్సిన అవసరం లేదు. పాత నియమాల్లో యజమానులను భయపెట్టిన తనిఖీల గొడవ కూడా ఇందులో ఉండదు. చిన్న షెడ్డు వాళ్లకు ఇది మేలే చేస్తుంది. నలుగురున్న షెడ్డులో ఇద్దరు నేర్చిన మనుషులుంటే, శాతం లెక్కలో వాళ్లకు ఒక్క అప్రెంటిస్ కూడా పూర్తిగా రాడు. ఉస్తాద్ లెక్కలో కనీసం ఇద్దరికి నేర్పగల సత్తా వాళ్లకుంది. అలాంటి చోట శాతాన్ని సడలించి, ప్రోత్సాహకం డబ్బులో కొంత నేరుగా ఆ ఉస్తాద్ ఖాతాలో వేయండి.

శిక్షణ పూర్తయిన వాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడంపై ప్రతి యజమాని తన విధానం తానే రూపొందించుకోవాలని 22వ సెక్షన్ చెబుతోంది. ఆ విధానాన్ని గేటు దగ్గర బోర్డు మీద, నిరుడు ఎంతమందిని తీసుకున్నారో ఆ అంకెతో సహా పెట్టమనండి.

అప్రెంటిస్‌గా చేరబోతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇది చదువుతుంటే, కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు రెండు విషయాలు అడగండి. నాకు నేర్పేవారి పేరేమిటి? ఆయన కింద నాతో కలిపి ఎంతమంది? జవాబు చెప్పలేని కంపెనీ ఎంత పేరున్నదైనా ఇంకో చోట ప్రయత్నించండి. హెచ్ఆర్ విభాగంలో పనిచేసే మిత్రులకు కూడా ఒక విన్నపం. ఈసారి పోర్టల్‌లో సీట్ల సంఖ్య నింపేముందు ఒక్కసారి ఫ్లోర్ మీదకు రండి, నైట్ షిఫ్టుకు కూడా. ప్రతి సెక్షన్‌లో నేర్పగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో వాళ్లనే అడిగి, పేర్లు రాసుకుని వెళ్లండి.